జింకలున్న క్యాంపస్, నల్లబల్లలున్న క్యాంపస్, మధ్యలో మమ్మల్ని ముంచిన లాడ్జి

చెన్నై ఓఎంఆర్ (ఓల్డ్ మహాబలిపురం రోడ్డు) మీద లాడ్జి తీసుకునేవాళ్లు గదిలోకి వెళ్లగానే ముందు టవల్‌ని ఫొటో తీసి పెట్టుకోండి. ఎందుకో తర్వాత చెబుతా.

మావాడికి జేఈఈ అడ్వాన్స్‌డ్‌లో వచ్చిన ర్యాంకుకి ఐఐటీ మద్రాస్‌లో నేవల్ ఆర్కిటెక్చర్ అండ్ ఓషన్ ఇంజినీరింగ్ అందేలా ఉంది. కంప్యూటర్ సైన్స్ (సీఎస్‌ఈ) గురించి మాట్లాడే ర్యాంకు కాదు. ఇంకోపక్క చెన్నై మేథమేటికల్ ఇన్‌స్టిట్యూట్ పరీక్ష రాస్తే అక్కడా సీటు వచ్చింది. మూడేళ్ల బీఎస్సీ ఆనర్స్, మేథ్స్ అండ్ కంప్యూటర్ సైన్స్. అందరూ సీఎంఐ అంటారు. అందరూ అంటే లెక్కలవాళ్లందరూ అని. మా తెనాలిలో ఆ పేరు చెబితే "డొనేషన్ ఎంత?" అని అడిగారు. బీఎస్సీ అనగానే మా అత్తగారు "అయ్యో, ర్యాంకు రాలేదా నాయనా?" అన్నారు. ఐఐటీ వస్తుంటే వదులుకోవడం ఏమిటని ఇంట్లో వారం రోజులు ఎవరూ సరిగ్గా నిద్రపోలేదు. రెండూ ఒకే ఊళ్లో ఉన్నాయి కదా, కళ్లతో చూసొచ్చి మాట్లాడదాం అని నేనూ, మావాడూ, మా బావమరిదీ పినాకిని ఎక్కాం. బావమరిది వచ్చింది చూడటానికి కాదు, మావాడి మనసు మార్చడానికి.

ప్రయాణం గురించి రాయడానికేమీ లేదు. రైలు టైముకే చేరింది. లాడ్జి దగ్గరే మొదలైంది అసలు కథ.

సీఎంఐ ఉన్నది సిరుసేరి సిప్‌కాట్ పారిశ్రామికవాడలో, ఊరికి బాగా దూరం. అందుకని ఓఎంఆర్ మీదే గది చూశాను. 4.3 రేటింగ్, మెరిసే ఫొటోలు, రోజుకి 1,350. రెండు రోజులకి 2,700 ముందే కట్టేశాను. రిసెప్షన్‌లో కుర్రాడు మా మాట వినగానే "తెలుగా సార్? మాది గూడూరు" అన్నాడు. ప్రాణం లేచొచ్చింది. అయిదు నిమిషాల్లో మళ్లీ కూర్చుంది. మూడో మనిషికి రోజుకి 400 అట. బుకింగ్‌లో ముగ్గురం అని రాశాను బాబూ అంటే, "అది యాప్ వాళ్ల లెక్క సార్, ఇది మా లెక్క" అన్నాడు. ఏసీ రిమోట్ కావాలంటే రోజుకి 300. వెయ్యి రూపాయలు డిపాజిట్. గదిలోకి వెళ్తే కిటికీ తెరుచుకోదు. తెరుచుకున్నా ప్రయోజనం లేదు, బయట మెట్రో పనుల దుమ్ము. రాత్రి పదిన్నరకి నీళ్లు ఆగిపోయాయి. ఒంటినిండా సబ్బుతో మా బావమరిది బాత్రూమ్‌లోంచి "బావా!" అని పెట్టిన కేక కింది అంతస్తు దాకా వినపడి ఉంటుంది. ట్యాంకర్ పొద్దున్నే వస్తుందన్నారు. రెండు బిస్లరీ బాటిళ్లతో కడుక్కున్నాడు పాపం.

ఖాళీ చేసేటప్పుడు టవల్ మీద మరక ఉందని డిపాజిట్‌లోంచి 500 పట్టుకున్నాడు. ఆ మరక మేము దిగేటప్పటికే ఉంది. నా దగ్గర రుజువు లేదు. మొత్తం 2,700 కాస్తా 4,600 అయింది. బయట నిలబడి నేను తిట్టుకుంటుంటే మావాడు మెల్లగా "రేటింగ్ చూసే కదా నాన్నా బుక్ చేశావు" అన్నాడు. మా బావమరిది అటు తిరిగి ఆటో కోసం చూడటం మొదలుపెట్టాడు. ఎందుకంటే ముందురోజంతా వాడి నోట ఐఐటీ రేటింగు మాటే.

ఆ ముందురోజు ఐఐటీకి వెళ్లాం. మా ఊరి కుర్రాడొకడు అక్కడ ఎంటెక్ చేస్తున్నాడు, వాడే లోపలికి తీసుకెళ్లాడు. నిజం చెప్పాలి, ఆ గేటు దాటగానే ఊరు మాయమైపోతుంది. మర్రిచెట్లు, ఊడలు, రోడ్డు పక్కనే మేస్తున్న జింకలు. 1959లో పశ్చిమ జర్మనీ సాయంతో పెట్టారు. కేంద్ర ప్రభుత్వం కాలేజీలకిచ్చే ఎన్‌ఐఆర్‌ఎఫ్ ఓవరాల్ ర్యాంకుల్లో 2019 నుంచి మొదటి స్థానం దాన్దే. ఈ రెండు ముక్కలూ మా బావమరిది నాకు రైల్లోనే నాలుగుసార్లు చెప్పాడు. జింకతో సెల్ఫీ తీసుకుని ఫ్యామిలీ గ్రూపులో "మేనల్లుడి కాలేజీ" అని పెట్టేశాడు. అప్పటికింకా ఏదీ తేల్చుకోలేదు. క్షణాల్లో ముప్పై శుభాకాంక్షలు. ఆ ముప్పైమందికీ ఇప్పుడు సమాధానం చెప్పాల్సింది నేను.

మావాడు మాత్రం చెట్లు చూశాడు, లైబ్రరీ బయటినుంచి చూశాడు. ఓషన్ ఇంజినీరింగ్ డిపార్ట్‌మెంట్ దగ్గర అయిదు నిమిషాలు నిలబడ్డాడు. "ఓడల గురించి నాలుగేళ్లు చదవగలవా?" అని ఎంటెక్ కుర్రాడు సూటిగా అడిగాడు. "ట్రై చేస్తా అన్నా" అన్నాడు. కార్పొరేట్ కాలేజీ హాస్టల్లో రెండేళ్లు ఏ ప్రశ్నకైనా వాడు చెప్పిన జవాబు అదే. పప్పు తింటావా అన్నా ట్రై చేస్తా, పరీక్ష ఎలా రాస్తావు అన్నా ట్రై చేస్తా.

మర్నాడు లాడ్జి గొడవ అయ్యాక బ్యాగులతోనే సీఎంఐకి వెళ్లాం. ఆటోవాడు 250 అడిగి 180కి వచ్చాడు. ముందే మెయిల్ పెట్టాం కాబట్టి గేటు దగ్గర ఇబ్బంది లేదు. చుట్టూ ఐటీ కంపెనీల అద్దాల మేడలు, మధ్యలో అయిదెకరాల జాగా. మా బావమరిది ఒక చివర నిలబడి రెండో చివర చూసి "ఇంతేనా?" అన్నాడు. ఇంతే. జింకల్లేవు. గణితవేత్త సి.ఎస్.శేషాద్రి 1989లో మొదలుపెట్టిన సంస్థ ఇది. చాలా ఏళ్లు టి.నగర్‌లో నడిచి 2005లో ఇక్కడికొచ్చింది. సెలవులు కాబట్టి పిల్లలు తక్కువమందే ఉన్నారు.

ఎండకి మా బావమరిది మొహం మాడ్చుకుని ఫ్యాను కింద కూలబడ్డాడు. క్యాంటీన్‌లో సాంబారు, బీన్స్ పొరియల్, పెరుగన్నం. పచ్చడి లేదు, చెబుతున్నా. తెలుగు పిల్లల తల్లులు ఆవకాయ జాడీ ముందే సర్దుకోండి. మా బల్ల దగ్గర సెకండియర్ అబ్బాయి ఒకడు కూర్చున్నాడు, తమిళుడు. మావాడి పేరైనా అడగకుండా ప్రశ్న వేశాడు. గళ్ల కాగితం మీద, గీతలు కలిసేచోట్లే, అయిదు చుక్కలు పెట్టు. ఎలా పెట్టినా వాటిలో ఏవో రెండింటికి సరిగ్గా మధ్య బిందువు కూడా గీతలు కలిసేచోటే పడుతుంది. ఎందుకు?

మావాడు చెయ్యి కడుక్కోకుండానే మొదలుపెట్టాడు. అడ్డంగా, నిలువుగా గళ్లు లెక్కపెడితే సరి-సరి, సరి-బేసి, బేసి-సరి, బేసి-బేసి, నాలుగే రకాలు కదా, అయిదు చుక్కల్లో రెండు ఒకే రకంలో పడాల్సిందే, వాటి మధ్య దూరం రెండువైపులా సరిసంఖ్యే కాబట్టి సగం కూడా గీతలు కలిసేచోటే అన్నాడు. "సరే, రెండు కాదు, మూడు చుక్కల గురుత్వకేంద్రం అలా పడాలంటే ఎన్ని చుక్కలు కావాలి?" అని ఆ అబ్బాయి ఇంకోటి వేశాడు. ఇద్దరూ లేచి పక్కనున్న నల్లబల్ల దగ్గరికెళ్లారు. గంటన్నర. ఇంగ్లీషులో దెబ్బలాడుకున్నారు. నా కొడుకు "నో, నో, యు ఆర్ రాంగ్" అని గొంతెత్తి ఒకరితో అనడం రెండేళ్లలో నేను వినలేదు. నేను పెరుగన్నం ఇంకోసారి పెట్టించుకున్నాను. అక్కర్లేదు, కానీ లేవబుద్ధి కాలేదు.

నా భయాలు నాకున్నాయి. మూడేళ్ల డిగ్రీతో ఆగితే చెప్పుకోవడానికి బీటెక్ ఉండదు. ఇక్కడ చదివినవాళ్లలో చాలామంది పీజీకో పీహెచ్‌డీకో వెళ్తారు, అంటే ఇంకా చాలా ఏళ్ల చదువు. లెక్కలంటే మొహం మొత్తితే పక్కకి తప్పుకోవడానికి ఇంకో యాభై డిపార్ట్‌మెంట్లు లేవు. ఐఐటీలో బ్రాంచి నచ్చకపోయినా ఆ పేరు మోస్తుందని మా బావమరిది అన్నది ఉత్త మాటేమీ కాదు. డబ్బు ఇబ్బందిగా ఉన్నవాళ్లు బెంగళూరు ఐఎస్ఐ (ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్)లో బీమ్యాథ్ డిగ్రీ కూడా చూడండి, అక్కడ ఎదురు స్టైపెండ్ ఇస్తారు. మావాడు అక్కడ ఇంటర్వ్యూలో పోయాడు.

తిరుగు రైల్లో మా బావమరిది నాతో మాట్లాడలేదు. గూడూరు స్టేషన్ వచ్చినప్పుడు మాత్రం కిటికీలోంచి బయటికి చూసి ఒక బూతు తిట్టాడు. సీఎంఐకి ఒప్పుకుంటూ మెయిల్ పెట్టాక కూడా ఇప్పటిదాకా మా ఇంటికి రాలేదు. గ్రూపులో ఆ జింక ఫొటో ఇంకా అలాగే ఉంది.

లాడ్జి మీద కన్స్యూమర్ హెల్ప్‌లైన్ 1915కి ఫిర్యాదు చేద్దామని నిన్న బిల్లు ఏదిరా అని అడిగాను. మావాడు తల గోక్కుంటూ తెచ్చి చూపించాడు. ముందువైపు 4,600. వెనకవైపు, అంచుల్లో, కాగితానికి కొట్టిన పిన్ను పక్కన కూడా చుక్కలూ గీతలూ. క్యాంటీన్‌లో వేసిన ఆ రెండో ప్రశ్నకి ఎనిమిది చుక్కలు చాలవని తేల్చేశాడట. తొమ్మిది చాలుతాయో లేదో ఇంకా తేలలేదు, ఆ కాగితం రెండు రోజులాగి ఇస్తానన్నాడు.