అంబాలా పోలరైజింగ్ మైక్రోస్కోప్: ఏడాది వాడాక

మా డిగ్రీ కాలేజీ జియాలజీ ల్యాబుకి నిరుడు జూలైలో ఒక పోలరైజింగ్ మైక్రోస్కోప్ (ఒకే దిశలో కంపించే కాంతిలో రాతి ఖనిజాల్ని చూపించేది) కొన్నాం. హర్యానాలోని అంబాలాలో తయారైంది. ఒంటి కంటిది, ధర 46,500 రూపాయలు. కంపెనీ పేరు మాత్రం రాయను. లైకా, నికాన్ అయితే లక్షల్లో మాట, మా బడ్జెట్‌కి ఆ వైపు చూడటమే దండగ. మూడు కొటేషన్లు తెప్పించి, తక్కువ రాసినవాళ్లకి ఆర్డరిచ్చాం.

పెట్టె విప్పిన రోజే టెన్షన్ మొదలైంది. మామూలు మైక్రోస్కోపుకి లేనిది దీనికి ఉన్నది గుండ్రటి స్టేజి, 360 డిగ్రీలూ తిరుగుతుంది. ఐపీస్‌లో కనబడే క్రాస్ వైర్ల కూడలిలో పెట్టిన ఖనిజం తిరగలి మేకులా ఉన్నచోటే ఉండాలి. మాది గానుగెద్దులా పెద్ద చుట్టు చుట్టి, సగం దూరంలో కంటికి కనబడకుండా పోయింది. ఆబ్జెక్టివ్‌ని (స్లైడుకి దగ్గరగా ఉండే లెన్సుని) మధ్యకి తెచ్చే స్క్రూలున్నాయి గానీ వాటిని తిప్పే చిన్న కీలు పెట్టెలో లేవు. ఫోన్ చేస్తే "రేపే కొరియర్ చేస్తాం మేడమ్" అన్నారు. ఆ రేపు మూడు వారాలైనా రాలేదు. చివరికి మా అటెండర్ సైకిల్ షాపు నుంచి అలెన్ కీ పట్టుకొచ్చాడు. సరిగ్గా పట్టింది!

సెంటరింగ్ పెద్ద విద్యేం కాదు. ఒక గింజని కూడలిలో పెట్టి స్టేజిని 180 డిగ్రీలు తిప్పండి. గింజ ఎంత దూరం జరిగిందో అందులో సగం స్క్రూలతో వెనక్కి తేవాలి, మిగతా సగం స్లైడుని చేత్తో జరపాలి. రెండు మూడు సార్లు చేస్తే కుదురుతుంది. ప్రతి ఆబ్జెక్టివ్‌కీ విడిగా చెయ్యాలి, అదొక్కటే విసుగు.

తర్వాత చీకటి పరీక్ష. స్లైడు లేకుండా ఎనలైజర్ని, అంటే పైన ఉండే రెండో పోలరైజర్ని, లోపలికి తోస్తే అమావాస్యలా ఉండాలి. మాకు బూడిద రంగు కనిపించింది. కింది పోలరైజర్ మీద సున్నా గీత తప్పుచోట కొట్టారన్నమాట. దీనికి బయోటైట్ (నల్ల అభ్రకం) పనికొస్తుంది. ఎనలైజర్ తీసేసి, బయోటైట్ పొరల గీతల్ని అడ్డ క్రాస్ వైరుకి సమాంతరంగా పెట్టి, అది బాగా ముదురు రంగుకి వచ్చేదాకా పోలరైజర్ తిప్పాను. అక్కడ పెన్‌తో గుర్తు పెట్టుకున్నాం. ఆ గుర్తుతో 4, 10 రెట్ల ఆబ్జెక్టివ్‌లలో చీకటి బాగానే వచ్చింది. 40లో మాత్రం ఇప్పటికీ వెలుతురు లీకవుతుంది. లెన్సు గాజులోనే ఒత్తిడి ఉండిపోయిందని నా అనుమానం. బ్రోచర్‌లో 'స్ట్రెయిన్ ఫ్రీ' అని పెద్ద అక్షరాల్లో రాశారు మరి. బెర్ట్రాండ్ లెన్సు ఇచ్చారు గానీ ఈ 40తో దాంట్లో కనబడే కాంతి నమూనాలు, అంటే ఇంటర్‌ఫియరెన్స్ ఫిగర్లు అలుక్కుపోయినట్టు కనిపిస్తాయి. పీజీ ల్యాబులకి ఇది చాలదు.

ఇన్ని తిట్టాక ఒక మాట చెప్పాలి. సర్దుకున్నాక ఇది చూపించే రాయి చూస్తే కోపం పోతుంది. మాది విశాఖ. పిల్లలు కైలాసగిరి ఎక్కి ఫొటోలు దిగుతారు, కాళ్ల కింద ఉన్నది ఖోండలైట్ అని తెలీదు. ఆ రాయిని 0.03 మిల్లీమీటర్ల మందానికి అరగదీసిన సెక్షన్ పెట్టాను. క్వార్ట్జ్ తెలుపు, బూడిద రంగుల మధ్య ఆరుతూ వెలుగుతూ ఉంది. సిల్లిమనైట్ సూదులు నీలం, పసుపు రంగుల్లో మెరిశాయి. మధ్యలో ఒక పెద్ద గింజ ఎంత తిప్పినా నల్లగానే ఉంది. "మేడమ్, ఇక్కడ మైక్రోస్కోప్ పనిచెయ్యట్లేదు" అన్నాడు సెకండియర్ కుర్రాడు. అది గార్నెట్ నాయనా, కాంతిని రెండుగా చీల్చదు, అందుకే నలుపు అన్నాను. నమ్మలేదు. ఎనలైజర్ తీసి లేత గులాబీ గింజని చూపించాక గానీ ఊరుకోలేదు. మైక్రోక్లైన్ అనే ఖనిజం చూసి ఇంకొకడు గళ్ళ లుంగీ అన్నాడు. పాఠ్యపుస్తకం కంటే అదే నయం, పరీక్షలో అందరికీ గుర్తుంది.

ఎల్ఈడీ దీపం మంచిదే. మేం ఎమ్మెస్సీ చదివినప్పుడు అద్దాన్ని కిటికీ వైపు తిప్పుకుని చూసేవాళ్లం, మబ్బు పడితే ప్రాక్టికల్ బంద్. కాకపోతే ఈ దీపం కాస్త నీలంగా ఉండి, చార్నకైట్ రాయిలో హైపర్‌స్తీన్ ఖనిజం గులాబీ రంగు పాలిపోతుంది. వార్మ్ వైట్ ఉందేమో అడగండి. జిప్సమ్ ప్లేటు (కాంతి దారిలో పెట్టి ఖనిజం రంగు మార్పు చూసే పలక) దూర్చే సందు వదులు, మేం అంచుకి టేపు చుట్టాం. అలాంటిదే క్వార్ట్జ్ వెడ్జ్, అది విడిగా కొనుక్కోవాలి.

స్కూలు టీచర్లు మాత్రం ఇంత ఖర్చు పెట్టక్కర్లేదు. రెండు పోలరైజింగ్ ఫిల్మ్ (పోలరాయిడ్) ముక్కలు కొని, ఒకటి మామూలు మైక్రోస్కోప్ దీపం మీద, ఒకటి ఐపీస్ మీద పెట్టి తిప్పితే చాలు. బంగాళాదుంప గీకి, ఆ నీటిచుక్క స్లైడు మీద వేస్తే ఒక్కో పిండి రేణువులో నల్లటి ఇంటూ గుర్తు కనిపిస్తుంది. పిల్లలకి అది మ్యాజిక్కే.

ఈ ఏడాది రెండోది కొనడానికి ఇండెంట్ పెట్టాను. మళ్లీ అంబాలాదే, వేరే తయారీదారుది. డెమో ఇచ్చాకే బిల్లు అని రాసి, దాని కింద 'సెంటరింగ్ కీలతో సహా' అని ఎర్ర ఇంకుతో గీత గీశాను.