గొంతులో పులిపిరులు: జన్యువుల వేటకు ఏ దారి మేలు?

2003లో వెలువడిన డెన్మార్క్ అధ్యయనంలో ఒక లెక్క ఉంది. గర్భంతో ఉన్నప్పుడు జననాంగాల దగ్గర పులిపిరులున్న తల్లులకు పుట్టిన ప్రతి వెయ్యి మంది పిల్లల్లో సుమారు ఏడుగురికి స్వరపేటికలో పులిపిరులు వచ్చాయి. మిగతా తల్లుల పిల్లలతో పోలిస్తే ఇది 231 రెట్లు. అందరూ ఆ 231 దగ్గరే ఆగిపోతారు గానీ, వైరస్‌కు అంత చేరువలో పుట్టి కూడా ఏ హానీ లేకుండా బయటపడ్డ 993 మంది సంగతేమిటి?

ఈ జబ్బుకు కారణం పులిపిరులు పుట్టించే హెచ్‌పీవీ వైరస్‌లోని 6, 11 రకాలు. మొదట పిల్లల గొంతు బొంగురుపోతుంది. జలుబనీ, ఉబ్బసమనీ కొంతకాలం మందులు వాడతారు. ఊపిరి తీసేటప్పుడు కూత వినిపించాక గాని స్వరతంతువుల మీద పెరిగిన గుత్తులు బయటపడవు. శస్త్రచికిత్సతో గీకి తీసేస్తే మళ్లీ మొలుస్తాయి. కొందరు పిల్లలకు పదుల సార్లు మత్తుమందు ఇవ్వాల్సి వస్తుంది. వైరస్ సర్వసాధారణం, జబ్బు మాత్రం అరుదు. కాబట్టి పిల్లల జన్యువుల్లోనే ఏదో లొసుగు ఉందన్న అనుమానం సహజం. దాన్ని వెతకడానికి మూడు దారులున్నాయి.

మొదటిది, ముందే అనుమానం ఉన్న జన్యువుల్ని పరీక్షించడం. రోగనిరోధక వ్యవస్థకు వైరస్ ముక్కల్ని చూపించే హెచ్‌ఎల్‌ఏ జన్యువుల మీద ఇలాంటి పని చాలా జరిగింది. యూరప్ మూలాలున్న రోగుల్లో, వాటిలో ఒకటైన డీఆర్‌బీ1 జన్యువు తాలూకు 03:01 అనే రకం ఎక్కువగా కనిపించింది. ఖర్చు తక్కువ, కొద్దిమంది రోగులు చాలు. చిక్కల్లా ఏమిటంటే, ఉత్తర యూరప్ వాసుల్లో ఈ రకం పక్కనున్న డజన్ల కొద్దీ జన్యువులతో కలిసి ఒకే మూటగా వారసత్వంగా వస్తుంది. తప్పు మూటలోని ఏ జన్యువుదో తేల్చడం కష్టం. పైగా ఆ రకం ఉన్న కోట్లాది మందికి ఈ జబ్బే లేదు.

రెండోది, రోగుల జన్యువుల్నీ ఆరోగ్యవంతుల జన్యువుల్నీ పోలుస్తూ అన్నింటినీ ఒకేసారి జల్లెడ పట్టే జీవాస్ (GWAS) పద్ధతి. మధుమేహం మీద బ్రహ్మాండంగా పనిచేసింది. ఇక్కడ మాత్రం దీన్ని నేను మొదటే పక్కన పెడతాను. లక్షల చోట్ల ఒకేసారి పరీక్షిస్తారు కాబట్టి, ఏదైనా తేడా కాకతాళీయంగా కనిపించే అవకాశం రెండు కోట్లలో ఒకటి కంటే తక్కువైతేనే నమ్ముతారు. అందుకు వేలాది రోగులు కావాలి. అమెరికాలో 1990ల అంచనా ప్రకారం లక్ష మంది పిల్లల్లో నలుగురైదుగురికే ఈ జబ్బు. నమూనాల కోసం దేశాలన్నీ చేతులు కలపాలి. తీరా దొరికేది కూడా ముప్పును కొద్దిగా పెంచే తేడాలే కావచ్చు.

మూడోది ఎక్సోమ్ పరీక్ష. ప్రొటీన్ల తయారీకి సూచనలుండే భాగాన్ని, అంటే జన్యుపదార్థంలో ఒకటి రెండు శాతాన్ని, పూర్తిగా చదువుతారు. ఒక్కొక్కరిలో 20 వేలకు పైగా తేడాలు బయటపడతాయి. జనంలో మామూలుగా ఉన్నవి తీసేసి, జబ్బున్న తోబుట్టువులిద్దరిలోనూ ఉన్నవే మిగిల్చుకుంటే జాబితా కొద్దిపాటికి కుంచించుకుపోతుంది. 2019లో ఇదే ఫలించింది. ఈ జబ్బుతో పాటు చర్మం మీద స్వల్ప లక్షణాలున్న ఇద్దరు తోబుట్టువుల్లో, కణాల్లో ముప్పును పసిగట్టి వాపును రేపే ఎన్‌ఎల్‌ఆర్‌పీ1 జన్యువు రెండు ప్రతుల్లోనూ ఒకే మార్పు దొరికింది. విశేషమేమిటంటే ఆ మార్పు జన్యువును మూగబోయేలా చేయలేదు, మరింత రెచ్చగొట్టింది. కాపలాదారు నిద్రపోయాడనుకుని వెళితే, అతను దొంగ లేకపోయినా అదేపనిగా ఈల వేస్తున్నాడన్నమాట. రోగుల చర్మకణాలు ఏ ప్రేరణా లేకుండానే వాపును రేపే సంకేత ప్రొటీన్ ఐఎల్-1 బీటాను అధికంగా విడుదల చేశాయి. ఇలా ప్రయోగశాలలో రుజువు చూపడమే ఈ దారికి బలం. రుజువు లేని ఎక్సోమ్ జాబితా వట్టి కాగితమే.

లోపం కూడా చెప్పుకోవాలి. ఒక కుటుంబంలో దొరికిన కారణం మిగతా రోగులకు వర్తించకపోవచ్చు. అయినా మన ప్రాంతానికి ఇదే మేలనిపిస్తుంది. మేనరికాల వల్ల తల్లి నుంచీ తండ్రి నుంచీ ఒకే మార్పు బిడ్డకు చేరే అవకాశం ఇక్కడ ఎక్కువ. హైదరాబాద్ సీసీఎంబీ, హార్వర్డ్ శాస్త్రవేత్తలు 2017లో ఇలాంటి మాటే చెప్పారు: చిన్న సమూహాల్లోనే తరతరాలుగా పెళ్లిళ్లు జరిగే దక్షిణాసియాలో ఇలాంటి అంతర్గత జన్యువులను, అంటే రెండు ప్రతుల్లోనూ మార్పు ఉంటేనే జబ్బు తెచ్చేవాటిని, వెతకడం తేలిక. ఒక జాగ్రత్త మాత్రం తప్పదు. యూరప్ సమాచారంలో అరుదనిపించిన మార్పు మన ఊళ్లో మామూలుదే కావచ్చు. 10 వేల మంది భారతీయుల జన్యుక్రమాలతో జీనోమ్ ఇండియా సమాచారం 2025లో పరిశోధకులకు అందుబాటులోకి రావడం ఇందుకే మంచి కబురు.

నివారణే ప్రశ్నైతే జన్యువుల దాకా వెళ్లనక్కర్లేదు, హెచ్‌పీవీ టీకా ఉంది. ఆస్ట్రేలియాలో 2007లో టీకా కార్యక్రమం మొదలయ్యాక, లక్ష మంది పిల్లలకు 2012లో 0.16గా ఉన్న కొత్త కేసులు 2016కల్లా 0.02కు పడిపోయాయి. మన సీరం ఇన్‌స్టిట్యూట్ తయారుచేసే సెర్వావాక్ టీకాలోనూ 6, 11 రకాలున్నాయి. ఇప్పటికే జబ్బుతో ఆపరేషన్ బల్లెక్కుతున్న పిల్లల కోసమే ఈ వేట.

అందుకే కొద్దిపాటి నిధులే ఉన్న బృందం ముందుగా ఎంచుకోవాల్సింది మేనరికపు దంపతుల పిల్లల్ని, ఇద్దరు తోబుట్టువులకు జబ్బున్న ఇళ్లను, ఒంటి మీద కూడా పులిపిరులున్న వారిని, ఊపిరితిత్తుల దాకా జబ్బు పాకిన వారిని. రక్తం బిడ్డ నుంచే కాక తల్లిదండ్రుల నుంచీ, జబ్బు లేని అన్నదమ్ముల నుంచీ తీసుకోవాలి. హెచ్‌ఎల్‌ఏ పరీక్షకూ అదే నమూనా సరిపోతుంది.