కొండకి ఏ గ్లాసు? ఉదయగిరి, భైరవకోన, పెంచలకోన తిరిగిన అనుభవం

మీరు ఎక్కబోయేది ఉదయగిరి దుర్గమా, వెళ్లేది పెంచలకోనకా అన్నదాన్ని బట్టి బ్యాగులో పెట్టుకోవాల్సిన గ్లాసు మారుతుంది. వినడానికి విడ్డూరంగానే ఉంటుంది. టీ కొట్టు పక్కనే ఉన్న చోట ఏ గ్లాసైనా ఒకటే. కొట్టు లేని చోట మాత్రం అదే గ్లాసుతో తాగాలి, నీళ్లు కొలవాలి, ఒక్కోసారి అందులోనే తినాలి. ఈ చలికాలంలో నేనూ మా బావా నెల్లూరు నుంచి బయల్దేరి ఈ మూడు చోట్లకీ వెళ్లొచ్చాం. ఎక్కడ ఏం బాగుంది, ఏం బాగాలేదు అన్నదాంతో పాటు గ్లాసు సంగతీ చెబుతాను. మాకు దారంతా చర్చ దాని మీదే నడిచింది మరి.

బరువు తగ్గించుకోవాలనుకునేవాళ్లు మొదట చూసేది టైటానియం. 450 ఎంఎల్ పట్టే ఒంటి పొర కప్పు 70 గ్రాములకి అటూ ఇటూ ఉంటుంది. ఘన సెంటీమీటరుకి స్టీలు దాదాపు 8 గ్రాములు, టైటానియం 4.5, అల్యూమినియం 2.7 తూగుతాయి. ఈ లెక్కన అల్యూమినియమే గెలవాలి. కానీ అది వేడిని ఇట్టే లాగేస్తుంది, టీ పోసి నోటి దగ్గర పెట్టుకుంటే పెదవులు చుర్రుమంటాయి. స్టీలు, టైటానియం ఆ విషయంలో కొంచెం నయం. రెండు పొరల కప్పులో టీ ఎక్కువసేపు వేడిగా ఉంటుంది గానీ దాన్ని పొయ్యి మీద పెట్టకూడదు. పొరల మధ్య మూసుకుపోయిన గాలి వేడికి వ్యాకోచించి కప్పే పాడైపోతుంది.

టైటానియం ధర వేలల్లో ఉంటుంది. నెల్లూరు చిన్నబజారులో దొరికిన పల్చటి రేకు స్టీలు గ్లాసు 300 ఎంఎల్ పడుతుంది, తూకం 85 గ్రాములు. అంటే వేలు పోసి మనం తగ్గించుకునేది నాలుగు బిస్కెట్ల బరువు కూడా కాదు. మా బావ దీనికి ఒప్పుకోలేదు. "పెద్ద కప్పులో వంట కూడా అవుద్ది కదా, వేరే గిన్నె మోసే పనుండదు" అన్నాడు. అందులో నిజముంది. ఒక్కడే వెళ్తూ, వంటంతా ఆ కప్పులోనే కానిచ్చేవాడికి లెక్క మారుతుంది. ఇద్దరు ముగ్గురు వెళ్లినప్పుడు ఎలాగూ ఒక గిన్నె ఉండాల్సిందే.

స్టీలు కొట్లో కొనడంలో ఒక సుఖముంది. అక్కడ సామాను తూకం లెక్కన అమ్ముతారు కాబట్టి కాటా బల్ల మీదే ఉంటుంది. ఒక్కో గ్లాసూ పెట్టి చూపించమంటే ఎవరూ విసుక్కోరు. చూడ్డానికి ఒకేలా ఉన్న రెండు గ్లాసుల మధ్య 30 గ్రాముల తేడా వచ్చింది. అడుగు మందంగా ఉన్నదాన్ని వదిలేసి, అంచు లోపలికి బాగా మడిచినదాన్ని తీసుకున్నాను. అంచు సరిగా మడవకపోతే పెదవి కోసుకుంటుంది. తర్వాత అదే కాటా మీద ఖాళీ గ్లాసు పెట్టి సున్నా చేయించి, నీళ్లు పోశాం. మంచినీళ్లు 100 గ్రాములంటే 100 ఎంఎల్, వేరే కొలత సామాను అక్కర్లేదు. వంద, రెండొందలు, రెండొందల యాభై దగ్గర స్కెచ్ పెన్నుతో గుర్తు పెట్టుకుని, గిన్నెల మీద పేర్లు కొట్టే మిషన్‌తో లోపలివైపు గీతలు గీయించాను.

"పేరేం కొట్టమంటారు?"

"పేరొద్దన్నా, మూడు గీతలు చాలు."

"గీతలేంది సామీ! మందు కొలతకా?"

మా బావ కొట్టు బయటికి వెళ్లి మరీ నవ్వాడు. మీరూ చేయించుకునేట్టయితే మూతి వెడల్పుగా ఉన్న గ్లాసు చూసుకోండి, మిషన్ పెన్ను పట్టుకున్న చెయ్యి లోపలికి దూరాలి. బయటివైపు గీయించుకుంటే ప్రయోజనం లేదు, స్టీల్లోంచి నీళ్లు కనపడవు కదా.

అంత శ్రమ ఎందుకనుకుంటే ఇంట్లో రైస్ కుక్కర్‌తో వచ్చిన కొలత కప్పు ఉంటుంది. నిండా పోస్తే 180 ఎంఎల్, చాలావాటికి లోపల గీతలు కూడా ఉంటాయి, బరువు లేనట్టే. పట్టుకెళ్లే ముందు అడుగున త్రికోణంలో ఉన్న అంకె చూడండి. పాలలా మసగ్గా ఉండి 5 అని ఉంటే పాలీప్రొపిలీన్, మరిగే నీళ్లకి తట్టుకుంటుంది. గాజులా తళతళలాడుతూ 6 అని ఉంటే పాలీస్టైరిన్, వేడికి మెత్తబడుతుంది, బ్యాగులో నలిగితే పగులుతుంది. ముడుచుకునే సిలికాన్ కప్పులు కూడా ఉన్నాయి. చోటు కలిసొస్తుంది గానీ వేడి టీ పోసి పట్టుకుంటే గోడలు మెత్తగా లోపలికి పోతుంటాయి. నాకు నచ్చలేదు.

ఇక ఉదయగిరి. నెల్లూరు నుంచి ఆత్మకూరు మీదుగా బస్సులున్నాయి. ఊళ్లో మేం దిగిన లాడ్జి సాదాసీదా. దుప్పట్లు శుభ్రంగా ఉన్నాయి, నీళ్లకి ఇబ్బంది లేదు, అంతకుమించి ఆశించకండి. యజమాని మంచివాడు, అడగ్గానే మేడ మీద చిన్న గ్యాస్ పొయ్యి పెట్టుకోనిచ్చాడు. మొలగొలుకుల పాత బియ్యం తీసుకెళ్లాం. పాత బియ్యానికి నీళ్లు ఎక్కువ కావాలి. ఒక గ్లాసు బియ్యానికి రెండు గ్లాసుల నీళ్లన్న లెక్కతో పోతే పలుకు మిగిలిపోతుంది, రెండున్నర పోశాం. గీతలుంటే ఆ అరగ్లాసు దగ్గర వాదులాట ఉండదు. మా అమ్మమ్మ వాళ్లింట్లో గిద్ద, సోల, తవ్వ, మానిక వరసగా బోర్లించి ఉండేవి. నాలుగు గిద్దలు సోల, రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక. ఎవరు వండినా అన్నం ఒకేలా ఉండేది.

దుర్గం శిఖరం 3,079 అడుగులు. శ్రీకృష్ణదేవరాయలు గజపతుల నుంచి ఈ కోటని 1514లో గెలిచి, ఇక్కడి బాలకృష్ణుడి విగ్రహాన్ని హంపికి తీసుకెళ్లాడు. పైన శిథిలాలు, మసీదు, గోడలు చూస్తూ తిరుగుతుంటే టైమ్ తెలీదు. తెలిసేది దాహమే. పైన ఏమీ అమ్మరు. తెల్లారకముందే ఎక్కడం మొదలుపెట్టండి, మనిషికి మూడు లీటర్లన్నా పట్టుకెళ్లండి. కొలత గ్లాసు విలువ నాకు ఇక్కడే అర్థమైంది. ఓఆర్‌ఎస్ పెద్ద సాచెట్ లీటరు నీళ్లకి, చిన్నది 200 ఎంఎల్‌కి. పెద్దదాన్ని ఉజ్జాయింపుగా సగం చేసి సగం బాటిల్లో కలిపితే ఎంత పొడి పడిందో తెలీదు. చిక్కగా కలిపితే మంచికన్నా చెడే ఎక్కువ, పల్చగా కలిపితే ఉప్పులు చాలవు. చిన్న సాచెట్లు కొని, రెండొందల గీత దాకా నీళ్లు పోసి కలుపుకోవడం మేలు. ఓఆర్‌ఎస్ అని పేరు పెట్టుకున్న తీపి డ్రింకుల జోలికి పోకండి. ఆ పేరు వాడొద్దని 2025 అక్టోబరులో కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ కూడా చెప్పింది.

దిగాక ఊళ్లో చెక్క స్పూన్లు చూడండి. జీఐ గుర్తింపు (ఫలానా చోటి ప్రత్యేకత అని ప్రభుత్వం ఇచ్చేది) ఉన్న పనితనం ఇది, నార్ది, బిక్కి లాంటి కర్రతో చేస్తారు. తేలిక, వేడికి నోరు కాలదు, గ్లాసులో కలిపేటప్పుడు గీతలు అరగవు. నేను కొన్నది పెద్దది. ఒక స్పూను ఎన్ని ఎంఎల్లో ముందే నీళ్లతో చూసుకుంటే అదీ ఒక కొలతే. నీళ్లల్లో నానబెట్టి వదిలేయకూడదు, అంతే.

భైరవకోనకి సీతారాంపురం మీదుగా వెళ్లాం. బస్సుల్ని నమ్ముకుంటే రోజంతా రోడ్డు మీదే, ఆటో మాట్లాడుకోవడమే మంచిది. కొండరాతిలో తొలిచిన ఎనిమిది శివాలయాలు పక్కపక్కనే ఉంటాయి, ఎదురుగా వాగు. జలపాతం చూడాలంటే వానల తర్వాత రండి. మేం వెళ్లేసరికి ధార సన్నబడింది. రాత్రి ఉండటానికి వసతి అంతంతమాత్రం, కుటుంబంతో అయితే పొద్దున వచ్చి సాయంత్రానికి వెళ్లిపోవడమే సుఖం. వాగు ఒడ్డున పేపర్ కప్పుల కుప్పలు చూసి మనసు చివుక్కుమంది. టీ కొట్టులో మా గ్లాసు ఇస్తే, వంద గీత దాకా పోసి రెండు టీల డబ్బులు అడిగాడాయన. న్యాయమే, వాళ్ల కప్పు అంత పట్టదు.

మూడింట్లో వసతి నరసింహస్వామి గుడి ఉన్న పెంచలకోనలోనే మెరుగు. రాపూరు మీదుగా బస్సు, దేవస్థానం గదులు, భోజనం, అన్నీ అందుబాటులో ఉంటాయి. శనివారాలు, వైశాఖంలో బ్రహ్మోత్సవాలప్పుడు గది దొరకడం కష్టం. మేం బయట తీసుకున్న గదిలో వేడినీళ్లు ఉన్నాయన్నారు, తెల్లారి అడిగితే గీజర్ పాడైందన్నారు. చుట్టూ ఉన్నది పెనుశిల నరసింహ అభయారణ్యం, జలపాతం వైపు నడిచేటప్పుడు పొయ్యి, నిప్పు మాటే ఎత్తకూడదు. కొట్టులో ఫ్లాస్కు నిండా మరిగిన నీళ్లు పోయించుకుని, దారిలో ఉప్మా మిక్స్‌ని గ్లాసులోనే కలుపుకున్నాం. ప్యాకెట్ మీద ఎంత రాసుంటే అంతే పోసి డబరా గిన్నె మూత పెట్టాం. కొంచెం ఎక్కువ పడినా అది ఉప్మా కాదు, జావ. ఇక్కడ నాకు స్టీలు గ్లాసు ఒక్క చోట ఇబ్బంది పెట్టింది, మరిగే నీళ్లు పోశాక చేత్తో పట్టుకోలేం. జేబురుమాలు చుట్టుకున్నా సరిపోయింది గానీ, గ్లాసు మెడ దగ్గర వెడల్పాటి రబ్బరు బ్యాండు రెండు మడతలేస్తే ఇంకా నయం. టైటానియం కప్పుకైతే మడిచే పిడి ఉంటుంది, ఆ ఒక్క మార్కు మా బావకి ఇచ్చేశాను.

పెంచలకోన నుంచి తిరిగొచ్చేటప్పుడు సాయంత్రం బస్సుల టైమ్ దిగగానే కనుక్కోండి. పొద్దుగూకాక రాపూరు దాకా ఆటోనే గతి, వాళ్లడిగిందే రేటు.