సన్‌స్క్రీన్‌లో, టోనరులో ఆల్కహాల్: బరంపురంలో ఒక తీరు, కోరాపుట్‌లో మరో తీరు

డినేచర్డ్ ఆల్కహాల్ (తాగడానికి పనికిరాకుండా చేసిన ఇథనాల్) ఉన్న సన్‌స్క్రీన్ జెల్‌నూ, సాలిసిలిక్ ఆమ్లం కలిసిన టోనరునూ నేను కొన్నేళ్లుగా వాడుతున్నాను. ఇల్లు బరంపురంలో, ఉద్యోగం కోరాపుట్‌లో కావడం వల్ల ఒకే సీసా సముద్రతీరపు ఉక్కలో ఎలా పనిచేస్తుందో, కొండల మీది పొడి చలిలో ఎలా పనిచేస్తుందో చూడగలిగాను.

బరంపురం వేసవిలో ముఖం ఆరడమే కష్టం. చిక్కటి క్రీము రాస్తే కాసేపటికే చెమటతో పాటు జారిపోతుంది. ఈ జెల్ పదార్థాల జాబితాలో నీటి తర్వాత ఆల్కహాలే ఉంది. ఇథనాల్ 78 డిగ్రీల సెల్సియస్‌కే మరిగే ద్రవం కనుక ఒంటి వేడికే త్వరగా ఆవిరై, ఎండను అడ్డే పదార్థాలను పలుచని పొరగా మిగిల్చిపోతుంది. జిడ్డు చర్మం ఉన్న నాకు ఇంతకంటే హాయైన సన్‌స్క్రీన్ దొరకలేదు. టోనరులో ఆల్కహాల్ అవసరం వేరు: సాలిసిలిక్ ఆమ్లం నీటిలో సరిగా కరగదు, ఆల్కహాల్‌లో కరుగుతుంది. ముక్కు మీది బ్లాక్‌హెడ్స్ బాగా తగ్గాయి.

డిసెంబరులో కోరాపుట్‌లో అదే టోనరు బుగ్గలను బిగదీసింది, నోటి పక్కన పొట్టు లేచింది, సబ్బు తగిలితే మంట పుట్టింది. చర్మపు పైపొరను కాపాడే సెరమైడ్లు, కొలెస్టరాల్ వంటి కొవ్వుల అమరికను ఇథనాల్ సడలిస్తుంది. గాలిలోనూ తేమ లేనప్పుడు ఆ నష్టం వెంటనే తెలుస్తుంది. అందుకే చలికాలంలో టోనరు మాని, సెటోస్టియరిల్ ఆల్కహాల్ ఉన్న తెల్ల క్రీము రాస్తాను. ఆ డబ్బా చూసి మా ఆఫీసులో ఒకమ్మాయి, “ఇందులోనూ ఆల్కహాలే కదా అక్కా, ఇంకా ఎండిపోదా?” అని అడిగింది. ఎండిపోదు. అది 16, 18 కార్బన్ల పొడవైన గొలుసులతో మైనంలా ఉండే పదార్థం. నూనె, నీరు విడిపోకుండా క్రీమును నిలబెడుతుంది, చర్మాన్ని మెత్తగా ఉంచుతుంది. అరుదుగా కొందరికి అదీ పడదు కనుక ముందు మోచేతి మడతలో రాసి చూడడం మంచిది.

కొనేటప్పుడు నేను మొదట చూసేది జాబితాలో స్థానమే. పదార్థాలను పరిమాణం ఎక్కువ ఉన్నదాని నుంచి రాస్తారు. 1 శాతానికి లోపు ఉన్నవాటిని ఏ వరుసలోనైనా రాయవచ్చు. చివర కనిపించే బెంజైల్ ఆల్కహాల్ సాధారణంగా క్రీము చెడిపోకుండా వేసినదే.

జిడ్డు చర్మంతో తీరప్రాంతంలో ఉండేవారికి ఈ జెల్‌ను నిస్సంకోచంగా సిఫారసు చేస్తాను. ఎగ్జిమా ఉన్నవారికి మాత్రం జెల్ గానీ టోనరు గానీ చెప్పను. ఆల్కహాల్‌కు నిప్పు అంటుకుంటుంది కనుక జెల్ రాసుకున్నాక అది పూర్తిగా ఆరేదాకా పొయ్యి దగ్గరకు వెళ్లకూడదు.