ఇట్స్ సచ్ ఎ బ్యూటిఫుల్ డే: బొమ్మ చిన్నది, కెమెరా కింద పని పెద్దది

ఈ యానిమేషన్ సినిమాలో ప్రధాన పాత్ర బిల్. అతనికి తలంటే ఒక గుండ్రం, కళ్లంటే రెండు చుక్కలు, నెత్తిన ఓ టోపీ. అంతే బొమ్మ. ‘ఇలాంటివి మా బుడ్డోడూ గీస్తాడు’ అని రెండు నిమిషాలకే ఆపేసేవాళ్లుంటారు. దీన్ని తీసిన డాన్ హెర్ట్జ్‌ఫెల్ట్ పనితనాన్ని గీతలోనే వెతికితే సగమే దొరుకుతుంది. మిగతా సగం కెమెరా కింద ఉంది.

62 నిమిషాల ఈ సినిమా మూడు పొట్టి చిత్రాల కూర్పు. 2006, 2008, 2011లో విడివిడిగా వచ్చినవాటిని 2012లో ఒకటిగా కలిపారు. రాసిందీ గీసిందీ షూట్ చేసిందీ ఆయనే, కథ చెప్పే ఆ చప్పటి గొంతు కూడా ఆయనదే. ప్రకటనల పని ఒప్పుకోని మనిషి. బిల్‌కి ఏదో జబ్బు చేస్తుంది, జ్ఞాపకాలు చెదురుతుంటాయి. కథ ఇంతకంటే చెప్తే చూసేవాళ్లకు అన్యాయం.

తెర చాలాసేపు నల్లగానే ఉంటుంది. ఆ నలుపులో ఓ మూల చిన్న కిటికీ తెరుచుకుంటుంది, కాసేపటికి ఇంకో మూల ఇంకొకటి. ఇప్పుడైతే కంప్యూటర్లో చిటికెలో అయ్యే పని. ఆయన దీన్ని 1940ల నాటి 35 ఎంఎం యానిమేషన్ కెమెరాతో, నేరుగా ఫిల్మ్ మీదే చేశారు. లెన్స్ కింద చిన్న కంత ఉన్న అడ్డు పెడితే, ఆ కంతలోంచి కనిపించే బొమ్మ ఒక్కటే ఫిల్మ్ మీద పడుతుంది, మిగతా భాగానికి వెలుతురు తగలదు. షాట్ అయ్యాక ఫిల్మ్‌ని మొదటికి తిప్పి, కంత చోటు మార్చి, రెండో బొమ్మ మొదలుపెట్టాలి. సెకనుకు 24 ఫ్రేముల లెక్కన, పది సెకన్ల షాట్‌లో నాలుగు కిటికీలుంటే 240 ఫ్రేముల్ని నాలుగుసార్లు, అంటే మొత్తం 960 సార్లు ఎక్స్‌పోజ్ చేయాలి.

చెడిపోవడానికి దారులు బోలెడు. వెనక్కి తిప్పేటప్పుడు లెక్క తప్పితే ఒక కిటికీలో కదలిక మిగతావాటికంటే ముందో వెనకో అవుతుంది. అడ్డు కాస్త జరిగితే రెండు కిటికీలు అంచుల దగ్గర ఒకదానిమీదొకటి ఎక్కి తెల్లమచ్చ పడుతుంది. ఫిల్మ్ మీద వెలుతురు కలుస్తూ పోవడమే తప్ప తగ్గేది లేదు. అడ్డుగా పెట్టిన నల్ల కాగితం ఏ మాత్రం మెరిసినా ఆ మెరుపు నాలుగుసార్లూ పోగుపడి, నలుపు బూడిదరంగుకు దిగిపోతుంది. ఇవేవీ ల్యాబ్‌లో ఫిల్మ్ కడిగేదాకా తెలియవు. తప్పు నాలుగో కిటికీలో జరిగినా మొదటి మూడూ దానితో పాటే పోతాయి. ఇది తెలిసి చూస్తే ఆ చిక్కటి నలుపు ఎంత ఖరీదైనదో అర్థమవుతుంది.

బిల్ ఊరికే నిలబడ్డా గీత వణుకుతుంటుంది. ఒకే భంగిమను రెండు మూడుసార్లు విడివిడిగా గీసి, వాటినే మార్చి మార్చి వాడితే వచ్చే వణుకు అది. ఒక్క కాగితమే పెట్టి అలాగే షూట్ చేస్తే బొమ్మ చచ్చినట్టుంటుంది. ఇది ఇంట్లో ప్రయత్నించాలనుకునేవాళ్లు కాగితాలకు రంధ్రాలు పొడిచి పెగ్ బార్‌కి, అంటే కాగితాల్ని ఒకే చోట పట్టి ఉంచే మేకుల పట్టీకి, బిగించుకోవాలి. పెగ్‌లు వదులైతే గీతతో పాటు మొత్తం ఫ్రేమే ఊగుతుంది, దాన్ని శైలి అని ఎవరూ అనుకోరు.

హాస్యం కూడా ఇంత సూక్ష్మంగానే ఉంటుంది. సూపర్ మార్కెట్లో బిల్ ముందు వరుస పండ్లు ముట్టడు. అవి వచ్చేపోయే జనం మొలల ఎత్తులో ఉన్నాయట, అందుకని చెయ్యి చాపి వెనక నుంచి తీసుకుంటాడు. ఇలాంటి పిచ్చి ఆలోచనలకు నవ్వుతూ నవ్వుతూనే మనం ఎప్పుడో అతని జబ్బులోకి జారిపోయి ఉంటాం.

లోపాలు లేవని కాదు. రెండో భాగంలో బిల్ పూర్వీకుల వింత చావుల వరస కొంచెం సాగింది. మాట ఆగదు కాబట్టి సబ్‌టైటిల్స్ మీద ఆధారపడేవాళ్లకు కష్టం. అక్షరాలు చదివేలోపు పైన కిటికీ మూసుకుపోతుంది. ఒకసారి సబ్‌టైటిల్స్‌తో, రెండోసారి అవి లేకుండా చూడటం మేలు.

ఫోన్‌లో మాత్రం వద్దు, కిటికీలు గోరంత అయిపోతాయి. టీవీలో చూసేటట్టయితే గదిలో లైట్లార్పి, బ్రైట్‌నెస్ తగ్గించండి. స్ట్రీమింగ్‌లో బిట్‌రేట్ (సెకనుకు వచ్చే డేటా) తక్కువైతే నలుపంతా గళ్లుగళ్లుగా విరిగి, ఫిల్మ్ గ్రెయిన్, అంటే ఫిల్మ్ మీద కనిపించే సన్నటి రేణువులు, బురదలా కనిపిస్తుంది. వీలైతే బ్లూ-రే డిస్కే మంచిది.

62 నిమిషాలు ఎక్కువనిపిస్తే 2015 నాటి ‘వరల్డ్ ఆఫ్ టుమారో’తో మొదలుపెట్టండి. దాదాపు 17 నిమిషాలు, ఆస్కార్ నామినేషన్ అందుకుంది. తన నాలుగేళ్ల మేనకోడలు ఆడుకుంటూ అన్న మాటల్ని రికార్డు చేసి, వాటి చుట్టూ కథ అల్లారు. అది ఆయన మొదటి డిజిటల్ సినిమా, ఈ పాత కెమెరా అందులో లేదు. రంగులు బాగున్నాయి, కానీ ఆ నలుపు రాలేదు.