రోమ్‌లో టెర్మిని స్టేషన్ దగ్గర చౌక గది బుక్ చేస్తున్నారా? ముందు ఇది చదవండి

రోమ్ వెళ్ళబోతున్న మన తెలుగు జంటలకు, ముఖ్యంగా వీపున బ్యాగు వేసుకుని తక్కువ ఖర్చులో తిరిగి రావాలనుకునేవాళ్ళకు ఈ హెచ్చరిక. రోమ్ ప్రధాన రైల్వే స్టేషన్ టెర్మిని చుట్టుపక్కల "అటాచ్డ్ బాత్‌రూమ్ ఉన్న డబుల్ రూమ్, స్టేషన్ నుంచి 3 నిమిషాల నడక" అంటూ చౌకగా కనిపించే ప్రకటనలు చాలా ఉంటాయి. అన్నీ మోసమని నేను అనను. కానీ వాటిలో కొందరు ఒక గది చూపించి ఇంకో గదిలో దించుతున్నారు. మీరు సామానుతో దిగేసరికి రాత్రవుతుంది, వేరే దారి ఉండదు. అది చూసుకుని ఊళ్ళో ఇంకో మూలకి పంపించి, పైగా నగదు వసూలు చేస్తారు. అక్టోబరు చివర్లో నాకూ మా ఆయనకూ జరిగింది ఇదే.

మేము బుక్ చేసింది రాత్రికి 58 యూరోల గది. రేటింగ్ బాగుంది, రివ్యూలు బాగున్నాయి, షెంగెన్ వీసా (యూరప్‌లో చాలా దేశాలకి ఉమ్మడిగా పనికొచ్చే వీసా) ఫైల్లో పెట్టడానికి ఇద్దరి పేర్లతో కన్ఫర్మేషన్ కూడా వచ్చింది. ఫ్లైట్ దిగి ఫోన్ ఆన్ చేయగానే వాట్సాప్‌లో మెసేజ్ ఉంది: మీ గదిలో నీళ్ళ పైపు పగిలింది, అంతకంటే మంచి గది ఇస్తున్నాం, ఈ అడ్రస్‌కి రండి అని. ఇక్కడ రెండు సంగతులు గమనించండి. డబ్బు పోకుండా రద్దు చేసుకునే గడువు అంతకు ముందు రోజే అయిపోయింది. బుకింగ్ యాప్‌లోని చాట్‌లో మాత్రం ఈ మార్పు గురించి ఒక్క ముక్క కూడా లేదు. వాళ్ళు చెప్పేదంతా వాట్సాప్‌లోనే, అక్కడైతే బుకింగ్ సైట్‌కి ఏమీ కనబడదు కాబట్టి.

ఆ కొత్త అడ్రస్ మెట్రో 'ఎ' (A) లైన్‌లో సాన్ జొవాన్ని స్టేషన్ కూడా దాటాక ఇంకొన్ని స్టేషన్ల అవతల ఉంది. బయట వాన. తీరా వెళ్తే అటాచ్డ్ బాత్‌రూమ్ లేదు, మిగతా గదులవాళ్ళతో కలిపి వాడుకోవాలి. గదికి ఒకే కిటికీ, అది తెరిస్తే ఎదురుగా గోడ. దుప్పట్లు తడి వాసన. వీటన్నిటితో సర్దుకుపోవచ్చు, బడ్జెట్ ప్రయాణంలో ఎవరూ ప్యాలెస్ కోరుకోరు. కానీ తలుపుకి లోపల గడియ లేదు. తాళం ఒకటే, దాని ఇంకో చెవి గది అద్దెకిచ్చినతని దగ్గర ఉంది. ఆ రాత్రి తలుపుకి కుర్చీ అడ్డం పెట్టి పడుకున్నాం. ఆడవాళ్ళకి ఈ ఒక్క విషయం చాలు, ఆ గది వద్దని చెప్పడానికి.

న్యాయంగా ఒక మాట చెప్పాలి. హీటర్ వేయమంటే వేయనన్నాడు, అందులో అతని తప్పు లేదు. ఇటలీలో ఇళ్ళలో హీటింగ్ ఎప్పుడు వేయాలో చట్టమే చెబుతుంది. రోమ్‌కి సాధారణంగా నవంబరు 1 నుంచి ఏప్రిల్ 15 వరకే. అక్టోబరులో వెళ్ళేవాళ్ళు పల్చటి స్వెటర్ ఒకటి పెట్టుకోండి.

డబ్బు సంగతికి వస్తాను. రాత్రి పదింటికి తాళంచెవి ఇచ్చే ముందు అతను అడిగినవి: లేట్ చెక్ఇన్‌కి 30 యూరోలు, దుప్పట్లూ తువ్వాళ్ళకి 10, డిపాజిట్ 100, సిటీ ట్యాక్స్ మనిషికి రాత్రికి 10. అన్నీ నగదే కావాలి, కార్డు తీసుకోనన్నాడు, రసీదు లేదన్నాడు. సిటీ ట్యాక్స్, అంటే ఊళ్ళో బస చేసే పర్యాటకుల దగ్గర నగరం తీసుకునే పన్ను, నిజంగానే ఉంది, దాన్ని మోసం అనుకోకండి. ఆన్‌లైన్‌లో కట్టిన ధరలో సాధారణంగా అది కలవదు, దిగినచోటే కట్టాలి. వరుసగా 10 రాత్రుల వరకే తీసుకుంటారు, 10 ఏళ్ళ లోపు పిల్లలకి ఉండదు. కానీ రేటు దిగిన చోటుని బట్టి మారుతుంది. 2023 అక్టోబరు నుంచి ఉన్న లెక్క ప్రకారం హాస్టల్లో మనిషికి రాత్రికి మూడున్నర యూరోలు, ఒక స్టార్ హోటల్లో 4, మూడు స్టార్లయితే 6. మనిషికి 10 యూరోలు అనేది అయిదు నక్షత్రాల హోటల్ రేటు! గడియ కూడా లేని గదికి అతను అడిగింది అది. ఇంత కట్టించుకుని రసీదు ఇవ్వలేదంటే ఆ డబ్బు రోమ్ నగరపాలక సంస్థకి చేరుతుందని నేను నమ్మను.

మా ఆయన గట్టిగా వాదించి డిపాజిట్, లేట్ చెక్ఇన్ డబ్బులు ఇవ్వలేదు. ట్యాక్స్ పేరుతో, దుప్పట్ల పేరుతో అడిగినవి తీసుకున్నాకే తాళంచెవి ఇచ్చాడు. పాస్‌పోర్టులు పొద్దున్నే ఇస్తాను, ఇప్పటికి నా దగ్గర ఉంచండి అన్నాడు. దానికి మాత్రం మేము చచ్చినా ఒప్పుకోలేదు. మీరూ ఒప్పుకోకండి. వివరాలు రాసుకుని వెంటనే తిరిగి ఇచ్చేయాలి.

ఈ వివరాల విషయం చాలామందికి తెలియదు, కాస్త ఓపిగ్గా చదవండి. ఇటలీలో గది అద్దెకిచ్చే ప్రతివాళ్ళూ అతిథుల వివరాలు 24 గంటల్లోపు పోలీసుల వెబ్‌సైట్‌లో నమోదు చేయాలి. ఇండియా నుంచి ఫ్రాంక్‌ఫర్ట్ మీదుగానో, పారిస్ మీదుగానో వెళ్ళేవాళ్ళకి, జర్మనీలో చదువుకుంటూ సెలవులకి రోమ్ వెళ్ళే మన పిల్లలకి ఇది ఇంకా ముఖ్యం. వేరే షెంగెన్ దేశం నుంచి ఇటలీలోకి వచ్చినవాళ్ళు తాము వచ్చినట్టు 8 రోజుల్లోపు పోలీసులకి తెలపాలనేది రూలు. హోటల్‌లోనో గెస్ట్‌హౌస్‌లోనో దిగితే వాళ్ళు చేసే నమోదే దానికి సరిపోతుంది. అంటే అతను మన పేరు ఎక్కించకపోతే లెక్క ప్రకారం మనం ఎక్కడ ఉన్నామో కాగితం మీద లేనట్టే. మమ్మల్ని పంపిన బిల్డింగ్‌లో అసలు నమోదు చేసే ఉద్దేశం ఉందని నాకు అనిపించలేదు.

ఎందుకంటే ఆ బిల్డింగ్ బయట కోడ్ పలక లేదు. 2025 జనవరి 1 నుంచి ఇటలీలో టూరిస్టులకి అద్దెకిచ్చే ప్రతి ఇంటికీ, గదికీ సీఐఎన్ (CIN) అనే జాతీయ గుర్తింపు కోడ్ ఉండి తీరాలి. ఐటీ (IT) అనే అక్షరాలతో మొదలవుతుంది. ఆన్‌లైన్ ప్రకటనలోనూ రాయాలి, బిల్డింగ్ బయటా పెట్టాలి. కోడ్ లేకుండా నడిపితే 800 నుంచి 8,000 యూరోల వరకు జరిమానా. మేము బుక్ చేసిన గది ప్రకటనలో కోడ్ ఉంది, కానీ అది స్టేషన్ దగ్గరి అడ్రస్‌ది. వాళ్ళ ఆట అంతా ఇక్కడే ఉంది: పర్మిషన్ ఉన్న గదితో బుకింగ్ తెచ్చుకుని, లేని గదిలో జనాన్ని పెట్టడం.

మర్నాడు పొద్దున్నే ఖాళీ చేసి ఒక హాస్టల్‌కి మారాం. వెళ్ళేముందు గది అంతా వీడియో తీశాం, గడియ లేని తలుపుతో సహా. బుకింగ్ సైట్‌కి ఫోన్ చేస్తే మొదట్లో "హోస్ట్‌తో మాట్లాడుకోండి" అనే అన్నారు. వీడియో, అడ్రస్ మార్చిన వాట్సాప్ మెసేజ్ స్క్రీన్‌షాట్, రెండు అడ్రస్‌ల మ్యాపు పంపాక కేసు కదిలింది. మిగిలిన రాత్రుల డబ్బు కొన్ని వారాల తర్వాత వెనక్కి వచ్చింది. మొదటి రాత్రిదీ, అతని చేతిలో పెట్టిన నగదూ రాలేదు. హాస్టల్ రిసెప్షన్‌లో ఒకమ్మాయి మా కథ విని, రసీదు ఇవ్వకుండా డబ్బు తీసుకున్నవాళ్ళ మీద ఫిర్యాదు చేయడానికి గ్వార్దియా ది ఫినాన్సా అనే ఆర్థిక పోలీసుల నంబరు 117 రాసిచ్చింది. ఆ సంగతి ముందురోజు రాత్రే తెలిసుంటే అతనికి ఎదురుగా నిలబడే ఫోన్ చేసేవాళ్ళం. మీరు ఫోన్‌లో సేవ్ చేసుకుని వెళ్ళండి. భయం వేసే పరిస్థితి అయితే 112.

ఆ హాస్టల్‌లో కిచెన్ ఉంది, పియాజ్జా విత్తోరియో పక్కన ఎస్క్విలీనో మార్కెట్‌లో మన మసాలాలు దొరికాయి, అన్నం వండుకుని పచ్చడితో తిన్నాం. తాగే నీళ్ళకి వీధి కుళాయిలున్నాయి. తక్కువ ఖర్చులో రోమ్ చూడటం సాధ్యమే, నేను మిమ్మల్ని ఆపడం లేదు.

బుక్ చేసే ముందు ప్రకటనలో సీఐఎన్ కోడ్ కోసం వెతకండి, లేకపోతే వదిలేయండి. రివ్యూల్లో తక్కువ స్టార్లవే ముందు చదవండి, "వేరే బిల్డింగ్" అనే మాట ఒక్కసారి కనిపించినా వద్దు. మేము తిరిగొచ్చాక మళ్ళీ చూస్తే పాత రివ్యూల్లో ఇటాలియన్‌లో రాసినవి రెండు సరిగ్గా ఇదే చెబుతున్నాయి, కాబట్టి అనువాదం బటన్ నొక్కి మరీ చదవండి. కార్డు వెరిఫికేషన్ అంటూ లింకు పంపితే, అది బుకింగ్ చాట్‌లోనే వచ్చినా సరే, నొక్కకండి. అడ్రస్ మారుస్తున్నామంటే "నేను ఒప్పుకోవడం లేదు" అని యాప్ చాట్‌లో రాసి, ఆ కొత్త చోటికి వెళ్ళకముందే సైట్‌కి ఫోన్ చేయండి. ఒకసారి వెళ్ళి పడుకుంటే మీరు ఒప్పుకున్నట్టే వాళ్ళు వాదిస్తారు, మా మొదటి రాత్రి డబ్బు పోయింది ఆ వాదనతోనే. నగదు ఇవ్వాల్సి వస్తే "రిచెవూతా" అని అడగండి, రసీదు అని. అది రాసి ఇచ్చాకే నోటు చేతిలో పెట్టండి. వీలైతే పగటిపూట చేరే ఫ్లైట్ చూసుకోండి, చేతిలో టైముంటే ఇంకో గది వెతుక్కోవచ్చు.

ఇప్పటికే బుక్ చేసుకుని ఉంటే ఈ రోజే యాప్ చాట్‌లో ఒక మెసేజ్ పెట్టండి: మేము ఉండబోయే గది కచ్చితమైన అడ్రస్ ఏది, సీఐఎన్ కోడ్ ఎంత, సిటీ ట్యాక్స్ మనిషికి ఎంత, కార్డుతో కట్టొచ్చా. సూటిగా జవాబు రాకపోతే ఉచిత రద్దు గడువు దాటకముందే క్యాన్సిల్ చేసేయండి.