నాలుగేళ్లు వాడిన ఉమ్మడి డిజైన్ సిస్టమ్: ఒక డెవలపర్ సమీక్ష

మా సంస్థలోని మూడు అప్లికేషన్లూ ఒకే తీరుగా కనిపించాలని, ఒకే తీరుగా పనిచేయాలని తయారుచేసిన డిజైన్ సిస్టమ్‌ను నేను నాలుగేళ్లుగా ప్రతిరోజూ వాడుతున్నాను. దానిని రూపొందించిన బృందంలో నేను లేను. దానితో తెరలు నిర్మించే ఫ్రంట్ ఎండ్ డెవలపర్‌ను మాత్రమే. డిజైన్లు గీసే సాధనమైన ఫిగ్మాలో కాంపొనెంట్ల (బటన్, పట్టిక వంటి తిరిగి వాడుకునే భాగాల) లైబ్రరీ, దానికి సరిపోలే రియాక్ట్ కోడ్ ప్యాకేజీ, ప్రతి కాంపొనెంట్‌నూ విడిగా నడిపి చూసేందుకు స్టోరీబుక్, వాడుక నియమాల పత్రాలు అందులో ఉన్నాయి.

మొదటి ఏడాది దానిని మనస్ఫూర్తిగా వాడినవారు తక్కువ. కొత్త తెరలన్నీ దీనితోనే చేయాలని పైనుంచి ఆదేశం వచ్చింది కాబట్టి అందరమూ ప్యాకేజీని ఇన్‌స్టాల్ చేసుకున్నాము గాని, అవసరంలో కాస్త తేడా వచ్చిన చోటల్లా డిజైనర్లు ఫిగ్మాలో కాంపొనెంట్‌ను డిటాచ్ చేసేవారు (లైబ్రరీతో దాని లంకె తెంచేవారు), మేము కోడ్‌లో దానిపై మరో పొర సీఎస్ఎస్ (రూపాన్ని నిర్ణయించే కోడ్) రాసేవాళ్లము. పట్టికలో వరుసలను ఎంచుకోవడానికి చెక్‌బాక్సులు కావాలని నేను అడిగితే, ఆ అభ్యర్థన క్యూలో చేరింది. నా రిలీజ్‌కు ఉన్నది రెండు వారాలే. పట్టిక కోడ్ మొత్తాన్ని మా ఫోల్డర్‌లోకి కాపీ చేసుకుని కావలసినట్లు మార్చుకున్నాను. ఇలాంటి కాపీలకు మా బద్ధకమే కారణమని సిస్టమ్ బృందం చాలాకాలం అనుకుంది. అడిగి తెప్పించుకోవడం కన్నా కాపీ కొట్టడం సులువుగా ఉన్నంతకాలం ఎవరైనా చేసేది అదే.

నాకు అన్నిటికన్నా ఉపయోగపడినవి బటన్లూ కార్డులూ కావు, టోకెన్లు. రంగు, అంతరం, అక్షర పరిమాణం వంటి విలువలకు పేర్లు పెట్టి, డిజైన్‌లోనూ కోడ్‌లోనూ ఆ పేర్లనే వాడడం ఈ పద్ధతి. డిజైన్ టోకెన్లు అన్న మాట సేల్స్‌ఫోర్స్ డిజైన్ సిస్టమ్ బృందం నుంచి వ్యాపించింది. మావాళ్లు మొదట రంగులకు కంటికి కనిపించే తీరును బట్టి ‘నీలం 500’, ‘తెలుపు’ అని పేర్లు పెట్టారు. డార్క్ మోడ్ కోసం ‘తెలుపు’ టోకెన్‌లో నలుపు విలువ పెట్టవలసి వచ్చినప్పుడు గాని ఆ పొరపాటు ఎవరికీ తట్టలేదు. తరువాత ‘పేజీ నేపథ్యం’, ‘ప్రధాన చర్య’, ‘సహాయక వాక్యం’ అని పనిని బట్టి పేర్లు మార్చారు. 2023లో ఫిగ్మాలో వేరియబుల్స్ (పేరు పెట్టి దాచుకునే విలువలు) వచ్చాక రెండు మోడ్‌ల విలువలనూ ఒకే పేరు కింద ఉంచడం డిజైనర్లకూ వీలైంది.

ఆ పేర్ల విలువ నాకు తెలిసింది ఒక బూడిద రంగు దగ్గర. ఇన్‌పుట్ పెట్టెల కింద సహాయక వాక్యం #999999 రంగులో ఉండేది. తెల్లని నేపథ్యం మీద దాని కాంట్రాస్ట్ (అక్షరానికీ నేపథ్యానికీ మధ్య వెలుగు తేడా) సుమారు 2.85:1 మాత్రమే, మామూలు పరిమాణపు అక్షరాలకు డబ్ల్యూసీఏజీ అనే వెబ్ సౌలభ్య ప్రమాణాల ఏఏ స్థాయి కోరేది కనీసం 4.5:1. టోకెన్‌ను #767676కు మార్చి కొత్త వెర్షన్ విడుదల చేశాక, ఏ తెరనూ విడిగా ముట్టుకోకుండానే మూడు అప్లికేషన్లలోనూ లోపం తీరిపోయింది (నేను కాపీ చేసుకున్న పట్టికలో తప్ప).

తెలుగు ఇంటర్‌ఫేస్ చేర్చినప్పుడు మాత్రం సిస్టమ్ పరువు పోయింది. బటన్ లైన్ హైట్‌ను (అక్షరాల వరుసకు ఇచ్చే ఎత్తును) 16 పిక్సెళ్లకు బిగించి, పొడవైన మాటలను చుక్కలతో కుదించడానికి హద్దు దాటిన భాగాన్ని దాచేలా రాశారు. ‘ధ్రువీకరించు’ బటన్‌లో ర వత్తు తెగిపోయి అది ‘ధువీకరించు’లా కనిపించేది. స్టోరీబుక్‌లోని ఉదాహరణలన్నీ ఇంగ్లిష్‌లోనే ఉండడంతో ఏ పరీక్షలోనూ ఇది బయటపడలేదు. స్థిరమైన ఎత్తుకు బదులు కనీస ఎత్తు, పిక్సెళ్లకు బదులు నిష్పత్తి పెట్టి సరిచేశారు.

వాడకం నిజంగా పెరిగింది మూడో ఏడాదిలో. సగం చేసిన తెరతో ఎవరైనా వచ్చి అడిగేందుకు సిస్టమ్ బృందం వారానికొక గంట కేటాయించింది. నెలల తరబడి క్యూలో ఉన్న విషయాలు కొన్ని అక్కడ పది నిమిషాల్లో తేలాయి. మూడో మేజర్ వెర్షన్‌తో పాటు, మారిన పేర్లను మా కోడ్‌లో తానే సవరించే కోడ్‌మాడ్ కూడా ఇచ్చారు. రెండో వెర్షన్‌కు అది లేక మేము ఎనిమిది నెలలు పాతదానిలోనే ఉండిపోయాము. ఈసారి ఒక మధ్యాహ్నం సరిపోయింది. ప్యాకేజీని ఎన్ని ఫైళ్లలో వాడుతున్నారో లెక్కించి చూపే డ్యాష్‌బోర్డ్ మీద మాత్రం నాకు నమ్మకం లేదు, ఎందుకంటే సగం శైలిని చెరిపేసి వాడిన బటన్ కూడా అందులో ఒకటిగానే లెక్కకు వస్తుంది.

ఒకే ఉత్పత్తి, చిన్న బృందం ఉన్నవారు సొంతంగా ఇంత పని పెట్టుకోనక్కరలేదు. గూగుల్ మెటీరియల్, ఐబీఎం కార్బన్ వంటి సిద్ధంగా ఉన్నవాటిలో ఒకదానికి తమ టోకెన్లు తగిలిస్తే చాలు. మా దానిలో ఒక కాంపొనెంట్‌ను ఎప్పుడు వాడకూడదో పత్రాలు ఇప్పటికీ చెప్పవు.

చెక్‌బాక్సులున్న పట్టిక గత నెల వచ్చింది. నా కాపీని తీసేయబోతుంటే, బాణం మీటలతో వరుసలు దాటే సౌకర్యం నా దానిలోనే ఉందని, సిస్టమ్ పట్టికలో లేదని తేలింది. దానిని వారికి పంపాను, రివ్యూలో ఉంది.